గడియ లేని గది

“ఇంత ఇంట్లో తువ్వాలు ఆరేసుకోవడానికి నీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా అమ్మా?”

“మేకు కనిపించిందిరా, తగిలించాను.”

“అది మేకు కాదు. కెమెరా.”

“మేకులాగే ఉంది మరి.”

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో పొద్దున కాఫీతో పాటు ఇదే గొడవ నడుస్తోంది. ఇవాళ కొడుకు ఇంకో మెట్టెక్కాడు. తల్లి గదిలోంచి ఆ తువ్వాలు పట్టుకొచ్చి, దొంగసొత్తు దొరికినవాడిలా భోజనాల బల్ల మీద పరిచాడు.

“ముట్టుకుని చూడండి. కరకరలాడుతోంది. ఆరిపోయిన తువ్వాలు ఎవరైనా ఆరేస్తారా?”

“ఆరేస్తేనే కదా ఆరింది,” అని గదిలోంచి జవాబొచ్చింది.

కాలేజీ సంచీ భుజాన వేసుకున్న మనవరాలు కాఫీ పొలమారేంత నవ్వింది. “నాన్నా, నిన్న బస్సులో నాలుగున్నర నుంచి ఐదు దాకా నా ఫోన్లో నానమ్మ బదులు ఈ పసుపు పూలే కనిపించాయి. పక్కనున్న పిల్ల ఎవరే ఇది అంటే మా నానమ్మ అన్నాను.”

“నీకు నవ్వులాటగా ఉంది. పడిపోతే తెలుస్తుంది.”

“పడితే తెలిసేది నాకురా, దానికెందుకు తెలుస్తుంది?” అంది లోపలి గొంతు.

బల్లకి ఆ చివర లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న కోడలు ఏ పక్షమూ మాట్లాడలేదు. ఆమెను స్టూడియోలో లైట్లబ్బాయి దగ్గర్నుంచి నిర్మాత దాకా రైటరమ్మ అంటారు. పదకొండేళ్ళుగా టీవీ సీరియళ్ళకి మాటలు రాస్తోంది. ఏ పాత్ర ఎన్నో మాట దగ్గర ఏడవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. మొదటిసారి ఒక సినిమా రాసే పని, ఒక పాత సినిమాని ఇప్పటి కాలానికి తిరగరాసే పని, చేతికొచ్చింది. సోమవారానికి కథ పూర్తిగా ఇవ్వాలి. ఇవాళ గురువారం. చేతిలో ఉన్నది తెల్ల పేజీ, దాని మీద పేరు ఒక్కటే. అందుకని తువ్వాలు పొడిదా తడిదా అన్న విచారణలో ఆమె సాక్ష్యం చెప్పే స్థితిలో లేదు.

నిజానికి ఆ గొడవకి మూలం తువ్వాలు కాదు. ఏడు నెలల కిందట ఒక మధ్యాహ్నం అత్తగారు తన గది బాత్రూములో జారిపడింది. ఇంట్లో ఎవరూ లేరు. గదికి లోపల గడియ, బాత్రూముకి లోపల గడియ. రైటరమ్మ రికార్డింగు ముగించుకుని వచ్చేసరికి ఆవిడ పడి రెండు గంటలైంది. పిలిస్తే పలికింది గానీ లేవలేకపోయింది. పక్కింటివాళ్ళు వచ్చి రెండు తలుపులూ పగలగొట్టారు. మణికట్టు విరిగింది, తుంటి మాత్రం ఎలాగో బతికిపోయింది.

కొడుకు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. మనిషి లోపల ఇరుక్కుంటే బయటినుంచి తెరిచే తాళంచెవి లేని లిఫ్టుకి ఆయన సంతకం పెట్టడు. ఆ రెండు గంటలూ తల్లి నేల మీద పడుంటే తాను ఎవరిదో అపార్టుమెంటులో తలుపులు మూసుకుంటున్నాయో లేదో కొలుస్తున్నానన్న సంగతి ఆయన్ని తినేసింది. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే స్క్రూడ్రైవరు తీసుకుని రెండు గడియలూ ఊడదీశాడు. స్క్రూల కన్నాల్లో పుట్టీ పూసి, మీద రంగు వేసి, అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదని తెలియకుండా నున్నగా చేశాడు. మర్నాడు కెమెరా వచ్చింది. మంచమూ బాత్రూము తలుపూ రెండూ కనిపించేలా తలుపు పక్క గోడకి బిగించాడు. పొద్దున ఆఫీసు నుంచి ఆయన చూడాలి, పగలు భార్య, సాయంత్రం కూతురు. ఆ ముగ్గురి ఫోన్లలోనూ ఆ గది ఉంది.

అప్పట్లో అత్తగారు ఒక్కసారి అంది: “నా తలుపుకి గడియేదిరా?”

“ఆ మాట మళ్ళీ ఎత్తకమ్మా,” అన్నాడు కొడుకు. ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

మణికట్టు అతుక్కుంది గానీ బిగుసుకుపోయింది. స్నానమయ్యాక గుండీలు పెట్టడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి. తలుపు తోయగానే ఆవిడ లోపలినుంచి అనేది: “నాకో గడియ ఇవ్వండర్రా.” ఎవరి పద్ధతిలో వాళ్ళు ఇచ్చేవాళ్ళు. కొడుకు బయట నిలబడి వాచీలో సరిగ్గా ఒక నిమిషం చూసుకునేవాడు. మనవరాలు ముప్ఫై దాకా లెక్కపెట్టేది. రైటరమ్మ “అలాగే అత్తయ్యా” అని, కుర్చీలో ఉన్న బట్టలు రెండు మడతపెట్టి లోపలికి వెళ్ళేది. పాతకాలం మనిషి, నిమిషమనకుండా గడియ అంటుందని మనవరాలికి ముచ్చట. స్నేహితురాళ్ళ దగ్గర తనూ అనడం మొదలుపెట్టింది: “ఒక్క గడియ ఆగవే, వస్తున్నా.”

*

డైరెక్టరు ఆఫీసు ఒకప్పుడు పళ్ళ డాక్టరు క్లినిక్కు. అద్దెకి తీసుకున్నప్పుడు ఆ పెద్ద కుర్చీని కదపలేక అలాగే వదిలేశారు. కథ చెప్పడానికి వచ్చిన రచయితలు అందులోనే కూర్చోవాలి. డైరెక్టరుకి ముప్ఫై నాలుగేళ్ళు. మర్యాద తెలిసిన పిల్లాడు, కానీ ఆ కుర్చీలో వెనక్కి వాలి అతనికి కథ చెప్తుంటే నోరు తెరవమంటాడేమో అనిపిస్తుంది.

గోడకి కొత్త పోస్టరు అంటించి ఉంది. చీకట్లో పేద్ద గోడగడియారం. ముల్లు మూడు మీద ఉంది. కింద ఎర్రక్షరాలతో ‘మూడో గడియ’.

“ఈ గడియారం ఏంటి బాబూ?” అంది రైటరమ్మ.

“గడియ అంటే టైమే కదా మేడమ్? మూడో గడియ, మూడు గంటలు. నిర్మాతగారికి భలే నచ్చింది.”

“పాత సినిమా నువ్వు చూశావా?”

“ఆఖరి సీను చూశా. నెట్‌లో అదొక్కటే ఉంది.”

“ఆ ఆఖరి సీన్లో నాలుగు నిమిషాలు తెర మీద ఏముంది?”

డైరెక్టరు కాసేపు ఆలోచించాడు. “తలుపు గొళ్ళెం.” ఆ మాట నోట్లోంచి వచ్చాక పోస్టరు వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఓ. ఆ గడియా!”

“ఆ గడియే.”

ఆ పాత సినిమా కథ ఇంతే. ఒక కొత్త కోడలు పెద్ద ఇంట్లో అడుగుపెడుతుంది. ఇంట్లో మూడు గడియలు. వీధి తలుపుకి ఒకటి, వంటింటికి ఒకటి, మేడ మీద ఎవరూ ఉండని చిన్న గదికి ఒకటి. రోజూ సాయంత్రం ఆ మూడో గడియ లోపలినుంచి పడుతుంది. మనుషుల్ని లెక్కపెడితే అందరూ బయటే ఉంటారు. తలుపు బద్దలుకొడితే లోపల ఎవరూ ఉండరు. కొత్త తలుపు పెడతారు, మళ్ళీ పడుతుంది. చివరికి ఒకరోజు కోడలే ఆ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. బయట అందరూ బాదుతారు, బతిమాలతారు, తిడతారు. తెర మీద గడియ తప్ప ఏమీ ఉండదు. చప్పుడు ఆగిపోతుంది. గడియ కదలదు. అంతే, సమాప్తం. ఆ సీను చూసి హాల్లో జనం స్పృహ తప్పి పడిపోయారని పత్రికల్లో రాశారట.

“ఇప్పుడు పడరు మేడమ్,” అన్నాడు డైరెక్టరు. “గడియ దానంతట అదే పడితే ఇప్పటి హీరోయిన్ ఏం చేస్తుంది? ఫోన్ తీసి వీడియో పెడుతుంది. కింద నాలుగొందలమంది నవ్వే బొమ్మలు పెడతారు. భయం ఎక్కడుంది? మూసిన తలుపు చూసి భయపడే రోజులు పోయాయి. ఇప్పటి మనిషికి దేన్ని చూస్తే భయమో అది కావాలి నాకు. సోమవారం నిర్మాతగారు వస్తున్నారు. ఆయన దగ్గర ఇంకో రైటరు కూడా రెడీగా ఉన్నాడు. నాకు మీరే రాయాలని ఉంది, కానీ...”

ఆ ‘కానీ’ తర్వాత ఏముందో ఆమెకి తెలుసు. అలాంటి మాటలు విరిచి రాయడమే కదా పదకొండేళ్ళుగా చేస్తున్నది. సోమవారం చెయ్యి జారితే మంగళవారం మళ్ళీ సీరియలు. నాలుగు వందల పన్నెండో భాగంలో పెద్ద కోడలి కళ్ళనీళ్ళు.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. బిగిసిన చెయ్యికి వ్యాయామమని డాక్టరు చెప్పాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసింది. చెవులకి గొట్టాలు తగిలించుకుని ఊరి మాటలన్నీ కలిపిన మనిషి. ఇప్పటికీ ఒక్కో మాటా విడివిడిగా, తీగకి అవతల ఎవరో రాసుకుంటున్నట్టు పలుకుతుంది.

“అత్తయ్యా, మీరు ‘మూడో గడియ’ చూశారా?”

“చూడకేం? వచ్చిన వారమే. మేం ముగ్గురం డ్యూటీ దిగి హెడ్‌సెట్ల గుర్తులు చెవుల మీద అలాగే ఉండగా వెళ్ళాం.”

“భయపడ్డారా?”

“ఎందుకూ?”

“ఆఖరి సీనుకి జనం పడిపోయారట కదా?”

“మగవాళ్ళు పడ్డారు,” అంది అత్తగారు. “మా వరసలో ఎవరూ పడలేదు. కుళ్ళుకున్నాం.”

“కుళ్ళుకోవడమేంటి అత్తయ్యా!”

“మరి? నాతో వచ్చినదాని ఇంట్లో పదకొండు మంది. ఇంకోదానికి మూడు గదుల్లో రెండు కాపురాలు. నేను మీ మామగారి అక్కచెల్లెళ్ళతో కలిసి ఒకే గదిలో పడుకునేదాన్ని. ఆ పిల్ల గడియ పెట్టుకుని లోపల కూర్చుంటే, బయట అంతమంది అరుస్తుంటే, తీయదు. ఆ తీయకపోవడం చూసి మా పక్కనున్నది ఏమందో తెలుసా? ‘దీనికెంత అదృష్టమే’ అంది.”

రైటరమ్మ పగలబడి నవ్వింది. ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. రాసుకుని, పనికిరాదని పక్కన గీత పెట్టింది. ఆవిడ చెప్పింది పాతకాలం సంగతి. ఈ ఇంట్లో నలుగురికి మూడు గదులున్నాయి.

*

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఇల్లు ఖాళీ అయింది. రైటరమ్మ బల్ల దగ్గర కూర్చుంది. ఒక వాక్యం రాసింది, కొట్టేసింది. హీరోయిన్‌కి నిద్రలో నడిచే జబ్బు పెట్టింది, తీసేసింది. ఇల్లు మార్చి అపార్టుమెంటు చేసింది, లిఫ్టులో దెయ్యాన్ని పెట్టింది, మొగుడు గుర్తొచ్చి దాన్నీ తీసేసింది. మాట తట్టనప్పుడల్లా చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఫోన్లో అత్తగారి గది తెరుస్తుంది. మంచం, దుప్పటి, ఆవిడ వీపు. అంతా బాగానే ఉంది. మూసేస్తుంది. ఇంకో వాక్యం.

పదకొండున్నరకి తెరిచేసరికి మంచం ఖాళీ. బాత్రూము తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. రెండు నిమిషాలాగి మళ్ళీ చూసింది. ఖాళీ. గదికున్నది ఒక్కటే తలుపు. ఆ తలుపు ఈ బల్లకి ఎదురుగానే ఉంది. అందులోంచి ఎవరూ రాలేదు. కుర్చీ వెనక్కి పడిపోతే దాన్నలాగే వదిలేసి పరిగెత్తి తలుపు తోసింది.

“అత్తయ్యా!”

“అరవకు. ఇక్కడే ఉన్నా.”

బీరువాకీ కిటికీ గోడకీ మధ్య మూరన్నర వెడల్పు సందు. అందులో చిన్న ఎత్తుపీట వేసుకుని అత్తగారు కూర్చుని ఉంది. చేతిలో పుస్తకం లేదు, బఠాణీలు లేవు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మెడ దగ్గర గుండీలు వదులు చేసుకుని, ఎదురుగా బీరువా పక్కని చూస్తోంది.

“పడిపోయారనుకున్నా! ఇక్కడేం చేస్తున్నారు?”

“ఏమీ చేయట్లేదు. అది చేసుకోవడానికే ఇక్కడికొస్తా.”

రైటరమ్మ లోపలికి వచ్చింది. మంచం అంచున కూర్చుంది. అక్కడినుంచి చూస్తే అర్థమైంది. కెమెరాకి బీరువా అడ్డం. ఆ సందు ఒక్కటే దానికి అందదు.

“రోజూ వస్తారా?”

“పొద్దున ఒకసారి. మధ్యాహ్నం ఇంకోసారి. ఎక్కువసేపు ఉండను, మీరు కంగారు పడతారని. ఇవాళ కాస్త ఒళ్ళు మరిచాను.” ఆవిడ గుండీలు పెట్టుకోబోయి, చెయ్యి మాట వినక, వదిలేసింది. “అదిగో చూడు, అది వెలుగుతోంది. నీ ఫోన్ ఇంకా మూసినట్టు లేవు.”

గోడ మీద కెమెరా పక్కన చిన్న నీలం చుక్క వెలుగుతోంది. రైటరమ్మ దాన్ని ఇదివరకు చూడలేదు. చూసేవాళ్ళకి ఎలా కనిపిస్తుంది? ఎవరైనా అవతల ఫోన్లో చూస్తున్నప్పుడే అది వెలుగుతుంది మరి.

“మా ఎక్స్ఛేంజీలో సూపర్‌వైజరమ్మ మా లైన్లోకి దూరితే టిక్కుమని చిన్న చప్పుడు వచ్చేది,” అంది అత్తగారు. “ఆ చప్పుడు వినగానే అందరం నడుం నిటారుగా పెట్టుకునేవాళ్ళం. ఇదీ అంతే. పదింటికి వెలిగితే మీ ఆయన, టీ తాగుతూ. నాలుగున్నరకి వెలిగితే నీ కూతురు, బస్సులో. ఎప్పుడు పడితే అప్పుడు వెలిగితే నువ్వు.”

“నేనా?”

“నిన్న పంతొమ్మిది సార్లు. ఇవాళ ఇప్పటికే పద్నాలుగు. ఏం, రాయడం కుదరట్లేదా?”

రైటరమ్మ తన పని సాగుతోందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదనే అనుకుంటోంది. మొగుడికి తెలియదు, కూతురికి తెలియదు. గోడ అవతల మంచం మీద కూర్చుని ఈవిడ లెక్క కడుతోంది.

“మీ గురించి బెంగతోనే చూస్తాం అత్తయ్యా...”

“వాడు బెంగతో చూస్తాడు. నువ్వు తోచక చూస్తావు.” గొంతులో కోపం లేదు. నంబరు చెప్పినట్టు చెప్పింది. “నా తంటా నాకుంది. ఏడు నెలలుగా అడుగుతున్నా, ఒక్క గడియ ఇవ్వండర్రా, ఒక్క గడియ ఇవ్వండర్రా అని. అందరూ అలాగే అలాగే అంటారు. ఎవరూ ఇవ్వరు.”

“అయ్యో, ఇస్తూనే ఉన్నాం కదత్తయ్యా! మీరడిగినప్పుడల్లా బయటే నిలబడుతున్నాం. ఆయనైతే వాచీ చూసుకుని మరీ...”

“వాచీయా?” అత్తగారు వింతగా చూసింది. “వాచీ ఎందుకు? గడియే తలుపుకి పెట్టేది!”

ఆవిడ వేలు చూపించిన చోట నున్నటి రంగు ఉంది. దగ్గరికెళ్ళి, వెలుతురు పక్కనుంచి పడేలా చూస్తే, నాలుగు చుక్కలు కొద్దిగా తెల్లగా కనిపిస్తాయి.

“మాట ఎత్తొద్దన్నాడని నాకు గడియేదిరా అనడం మానేశా. పోనీలే, ఒకటివ్వండి, రెండక్కర్లేదు, గదికి ఒక్కటి చాలు అన్నా. రోజూ అలాగేనమ్మా అంటాడు, ఒక్క నిమిషమాగి తోసుకుని వచ్చేస్తాడు. మర్చిపోయాడేమో, రేపు పెట్టిస్తాడేమో అనుకుంటూ ఉన్నా. అయితే మీరు ఇన్నాళ్ళూ...” ఆవిడ ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో కోడలికి ఒక క్షణం తెలియలేదు. నవ్వే. “ముప్ఫై ఒక్కేళ్ళు తప్పు నంబరు కలపలేదు నేను. నా ఇంట్లోనే ఏడు నెలలు రాంగ్ నంబరన్నమాట.”

డైరెక్టరు పోస్టరు చూసి తను ఎంత నవ్వుకుందో రైటరమ్మకి గుర్తొచ్చింది.

*

ఆ మధ్యాహ్నం భోజనం చేయకుండా రాసింది. ఫోన్ తీసుకెళ్ళి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చింది. ఈ కొత్త కథలో గడియ పడదు. అసలు గడియే ఉండదు. ఇంట్లో ఏ తలుపూ మూసుకోదు. అందరూ మంచివాళ్ళు, అందరికీ ప్రేమ. గోడ మీద ఒక నీలం చుక్క వెలుగుతుంది, ఆరుతుంది. ఒక ముసలావిడ ఆ చుక్కని బట్టి అవతల ఎవరున్నారో కనిపెడుతుంది. మెల్లమెల్లగా ఆవిడ గదంతా వదిలేసి మూరన్నర సందులో బతకడం నేర్చుకుంటుంది. చూసేది కోడలు. ఖాళీ మంచం చూసి కోడలు భయపడుతుంది గానీ, భయపడాల్సింది ఎవరిని చూసో ఆమెకి ఆఖరుదాకా తెలియదు.

నాలుగింటికి కాగితాలు పట్టుకుని గది ముందుకొచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోయబోయి, ఆగి, వేలితో కొట్టింది. లోపల నిశ్శబ్దం. అలవాటు లేని చప్పుడు కదా, ఆవిడకి అర్థం కావడానికి టైము పట్టింది.

“ఎవరూ?”

“నేనే అత్తయ్యా. రావచ్చా?”

“...రా.”

మొత్తం చదివి వినిపించింది. అత్తగారు కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వంచి, పాత అలవాటు ప్రకారం చెవితో విన్నది.

“మీ సంగతే రాశాను. మీరొద్దంటే పంపను. ఇంకేదైనా రాసుకుంటా.”

“సోమవారం లోపలా?”

కోడలు కాగితాల అంచులు సరిచేసింది.

“పంపించు,” అంది అత్తగారు. “అబద్ధమేం రాయలేదుగా. ఆ కోడలు నచ్చింది నాకు, చెడ్డది కాదు. అయితే చివరికి అదేం చేస్తుంది? ఆఖరి పేజీ లేదే?”

“ఆఖరి సీను ఇంకా తట్టలేదు.”

“తట్టడానికేముంది? అది నువ్వు తేల్చుకోవాల్సింది. రైటరువి నువ్వు,” అని ఆవిడ బఠాణీల గిన్నె దగ్గరికి లాక్కుంది.

రైటరమ్మ ఉన్నంతవరకూ పంపింది. అరగంటలో డైరెక్టరు ఫోన్ చేశాడు. ఊపిరాడనట్టు మాట్లాడాడు.

“మేడమ్, చేతులు చల్లబడ్డాయండీ. చదవడం ఆపి మా అమ్మకి ఫోన్ చేశా. మా ఇంట్లోనూ ఉంది కెమెరా. ఆఖరి సీను నేను చెప్తా వినండి. కోడలు మనసు మారి గడియ పెట్టిస్తుంది. పెట్టించిన రోజే ముసలావిడ లోపల పడిపోతుంది. బయట అందరూ బాదుతుంటారు. గడియ మీద క్లోజప్పు. పాత సినిమాకీ దీనికీ ముడి పడిపోతుంది. ఎలా ఉంది?”

బాగుంది. అదే ఇబ్బంది. అది తన భర్త ఏడు నెలలుగా కంటున్న పీడకల. తనూ కంటున్నదే. ఆ రోజు తలుపుకి ఇవతల నిలబడి పిలిచింది తనే.

“పడిపోవచ్చు బాబూ,” అంది. “ఏ రోజైనా పడొచ్చు. గడియ ఉన్నా, లేకపోయినా. కానీ మన సినిమా అక్కడిదాకా వెళ్ళదు. గడియ పడిన చప్పుడు దగ్గర ఆగిపోతుంది. అది విన్నాక ఎవరికి భయమేస్తుందో, ఎవరు కుళ్ళుకుంటారో వాళ్ళిష్టం.”

“నిర్మాతగారు ఒప్పుకుంటారో లేదో తెలీదు మేడమ్.”

“సోమవారం వచ్చి ఆ కుర్చీలో కూర్చుని నేనే చదువుతా. పళ్ళు పీకేసినా సరే, ఆ సీను మార్చను.”

“సరే రండి. చూద్దాం. పోస్టరు మాత్రం మార్పిస్తాను.”

ఫోన్ పెట్టేసి, చెప్పులు వేసుకుని వీధి చివరి ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళింది. గడియ కావాలంటే కొట్టాయన ఒకటి తీసి తెగ మెచ్చుకున్నాడు. లోపలినుంచి పెట్టుకోవచ్చు, అవసరమైతే బయటినుంచి స్క్రూడ్రైవరుతో తిప్పితే తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో అందరూ ఇదే తీసుకెళ్తున్నారట. రైటరమ్మ దాన్ని చేతిలో తిప్పి చూసింది. ఇది మొగుడికి చూపిస్తే నిమిషంలో ఒప్పుకుంటాడు. ఇంట్లో గొడవ ఉండదు. కాసేపలాగే నిలబడింది.

“బయటినుంచి తెరిచేది వద్దండీ,” అంది. “మామూలుది ఇవ్వండి. పాత రకం.”

*

సాయంత్రం ఏడున్నరకి నలుగురూ భోజనాల బల్ల దగ్గర చేరారు. అత్తగారు కూడా తన గదిలోంచి వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. కొడుకు ఫోన్ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కంచంలో కలుపుతున్నాడు.

“ఒంటిగంట నుంచీ కనెక్షన్ లేదంటోంది. కెమెరా వైరు ఎవరైనా కదిపారా?”

“నా తువ్వాలు ఇవాళ పెరట్లో ఉంది. నన్ననకు,” అంది తల్లి.

“నానమ్మ తువ్వాలుకి ఎలిబై ఉంది నాన్నా,” అంది కూతురు.

“నువ్వుండు. ఏమోయ్, నీకేమైనా తెలుసా?”

రైటరమ్మ అతనికి ఇంకాస్త కూర వడ్డించింది. అతను అన్నం తినడం మొదలుపెట్టేదాకా ఆగింది. తర్వాత పక్కనున్న కాగితం పొట్లం విప్పి, మంచినీళ్ళ జగ్గు పక్కన పెట్టింది. ఇనుప గడియ, నాలుగు స్క్రూలు. బల్ల మీద చిన్న చప్పుడైంది. మొదట అత్తగారు చూసింది, తర్వాత మనవరాలు. అందరికంటే ఆఖర్న ఆయన చూశాడు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

“బయటినుంచి ఎలా తెరుచుకుంటుందిది?”

“తెరుచుకోదు.”

“నీకు మతిపోయిందా? రెండు గంటలు! నేల మీద రెండు గంటలు పడుందావిడ. బయటినుంచి తెరవలేని లిఫ్టుకి నేను...”

“లిఫ్టులో ఎవరూ కాపురం ఉండరండీ.”

అతను తల్లి వైపు చూశాడు. “అమ్మా, నువ్వడిగావా ఇది?”

“ఏడు నెలలుగా అడుగుతూనే ఉన్నానురా,” అంది తల్లి. “నువ్వు టైము ఇచ్చావు.”

అతను అర్థం కాక ఇద్దరినీ చూశాడు. మనవరాలికి ముందు వెలిగింది. “గడియ,” అని గొణిగింది. “అయ్యో నానమ్మా. నేను ముప్ఫై దాకా లెక్కపెట్టేదాన్ని!” ఇందాకటిలా నవ్వలేకపోయింది. చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

తండ్రి మెల్లగా ముద్ద కంచంలో పెట్టేశాడు. చేతికి అన్నం మెతుకులు ఉండగానే గడియని దగ్గరికి లాక్కుని, దాని పుల్లని ఒకసారి జరిపి చూశాడు. టక్కుమంది.

“పడిపోతే?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

“పడిపోతే తలుపు పగలగొడతాం, అప్పటిలాగే. తలుపు పోతుంది. బాత్రూముకి గడియ వద్దన్నారు అత్తయ్య, గదికి ఒక్కటే. నేను ఇంట్లోనే ఉంటా, పిలిస్తే వినబడేంత దూరంలో.” రైటరమ్మ గొంతు పెంచలేదు. సీరియల్లో అయితే ఇక్కడ సంగీతం పెట్టేవాళ్ళు. ఇక్కడ వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారడం మాత్రం వినిపించింది. “కెమెరా మధ్యాహ్నమే నేను తీసేశాను. డబ్బాలో పెట్టి అటక మీద ఉంచా. రేపు పదింటికి వడ్రంగి వస్తాడు. ఆ పుట్టీ పూసినచోటే మళ్ళీ కన్నాలు వేస్తాడు. రేపటినుంచి ఆ గదిలోకి వెళ్ళాలంటే ముగ్గురం తలుపు కొట్టి బయట ఆగాలి. ఆగడమంటే వాచీ చూసుకుని కాదు. ఆవిడ తీసేదాకా.”